మట్టిలో కలిసిపోయే సంచి: ఏ మట్టిలో, ఎన్నాళ్ళకి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున సంఘ లీడరు చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం ప్లాస్టిక్. ప్లాస్టిక్ వాడొద్దు అని చెప్పడానికైతే నేను ఇక్కడ నిలబడక్కర్లేదు. ఆ మాట పంచాయతీ గోడ మీద రాసే ఉంది, ఆ గోడ కింద కవర్లు పడే ఉన్నాయి. నేను చెప్పదలచింది వేరే. ఈ ఏడాది మన మండలంలో కొన్ని సంఘాలు అప్పు దరఖాస్తులో కొత్త వ్యాపారం ఒకటి రాశాయి. "మట్టిలో కలిసిపోయే కవర్ల అమ్మకం" అని. మొక్కజొన్నతో చేసిన సంచులట, పారేస్తే ఎరువైపోతాయట. ప్లాస్టిక్ నిషేధం వచ్చింది కాబట్టి గిరాకీ ఉంటుందని వ్యాపారులు మన ఇళ్ళ దాకా వచ్చి చెప్తున్నారు.

మా గ్రామ సంఘంలో ఒక సభ్యురాలికి చిన్న కిరాణా కొట్టు ఉంది. సంఘం అప్పు తీసుకుని అలాంటి సంచులు మూటలు మూటలుగా కొంది. సంచి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది, పర్యావరణానికి మేలు అని ఇంగ్లీషులో రాసి ఉంది. తనిఖీకి వచ్చిన వాళ్ళు చూసి, ఇవి మామూలు ప్లాస్టిక్ కిందే లెక్క అని సరుకంతా పట్టుకుపోయారు. అమ్మినాయన ఫోను ఎత్తలేదు. రెండు నెలలు ఆవిడ వాయిదా మేమంతా తలా కొంత వేసుకుని కట్టాం. సంచి మీద ఏం చూడాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అదేదో మనమే తెలుసుకుందామని మా సంఘం అనుకుంది. నేను పదో తరగతి వరకే చదివాను. శిక్షణలో విన్నవి, మా ఊరి హైస్కూలు సైన్సు మాస్టారుగారిని అడిగి తెలుసుకున్నవి, మేం చేసి చూసినవి కలిపి మీ ముందు పెడుతున్నాను.

ముందుగా, మామూలు ప్లాస్టిక్ మట్టిలో ఎందుకు కలవదు? అరటి తొక్క కలుస్తుంది, విస్తరాకు కలుస్తుంది, నూలు గుడ్డ కూడా కలుస్తుంది. కవరు ఎందుకు కలవదు?

పూసల దండ ఊహించుకోండి. ప్లాస్టిక్ అంటే చాలా పొడుగాటి దండ, కంటికి కనపడనంత సన్నటి పూసలతో. చమురు నుంచి, గ్యాసు నుంచి తీసిన సరుకుతో ఆ పూసలు చేసి దండ గుచ్చుతారు. మనం తినే అన్నంలో ఉండే గంజి పదార్థం, అంటే పిండి పదార్థం కూడా అలాంటి దండే. అందులో పూసలు చక్కెరవి. రెండూ దండలే అయినప్పుడు తేడా ఎక్కడుంది? ముడి దగ్గర ఉంది.

మట్టిలో, పేడలో, గాలిలో కోట్ల కోట్ల సూక్ష్మజీవులున్నాయి. వాటికి నోరు లేదు, పళ్ళు లేవు. అవి తమ ఒంట్లోంచి ఒక రసం వదులుతాయి. దాన్ని ఎంజైమ్ అంటారు. అది కత్తెర లాంటిది. దండని ముడి దగ్గర కత్తిరించి, విడిపోయిన పూసల్ని ఆ జీవులు లోపలికి తీసుకుని తింటాయి. మనం రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగుతుందే, అది వీటి పనే. పిండి దండ ముడి కోసే కత్తెర వాటి దగ్గర ఎప్పటినుంచో ఉంది. చమురు ప్లాస్టిక్ దండ ముడి కోసే కత్తెర దాదాపు లేదు. ఆ ప్లాస్టిక్ పుట్టి వందేళ్ళు కూడా సరిగ్గా కాలేదు. అందుకే ఎండకి పెళుసెక్కి ముక్కలవుతుంది, ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి, కానీ తినేవాళ్ళు లేక అలాగే ఉండిపోతుంది. గేదె కడుపులో ముద్దకట్టేదీ, కాలవ తూముకి అడ్డం పడేదీ అందుకే.

ఇప్పుడు బయోప్లాస్టిక్ సంగతికి వద్దాం. మొక్కల నుంచి గానీ సూక్ష్మజీవుల నుంచి గానీ చేసిన ప్లాస్టిక్‌ని ఆ పేరుతో పిలుస్తున్నారు. అందులో ముఖ్యంగా మూడు రకాలు మనకి తెలియాలి.

మొదటి రకం పిండితో చేసింది. మొక్కజొన్న పిండి, బంగాళాదుంప పిండి, కర్రపెండలం పిండి వాడతారు. ఒట్టి పిండితో సంచి చేస్తే అప్పడంలా విరుగుతుంది, తడి తగిలితే మెత్తబడిపోతుంది. అందుకని సాగే గుణం ఉన్న ఇంకో ప్లాస్టిక్ కలుపుతారు. ఆ కలిపేది ఏమిటన్నదే అసలు సంగతి. సూక్ష్మజీవులు కొయ్యగల ముడి ఉన్న పదార్థం కలిపితే సంచి మొత్తం పోతుంది. మామూలు పాలిథిన్ కలిపితే పిండి మాత్రం తినేసి, పాలిథిన్ జల్లెడలా మిగిలిపోతుంది. చూడ్డానికి రెండు సంచులూ ఒకేలా ఉంటాయి, రెండిటి మీదా మొక్కజొన్న కంకి బొమ్మే ఉంటుంది.

రెండో రకానికి పి.ఎల్.ఏ. అని పేరు. మొక్కజొన్న పిండినో చెరకు చక్కెరనో సూక్ష్మజీవులకి పెట్టి పులియబెడతారు. అవి దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పేరు కొత్తగా ఉంది గానీ మనకది రోజూ నోటికి తగిలేదే. పెరుగు పుల్లబడేది ఆ ఆమ్లంతోనే. ఆ ఆమ్లాన్ని పూసలుగా గుచ్చితే గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ వస్తుంది. పారదర్శకంగా ఉండే గ్లాసులు, డబ్బాలు దీనితో చేస్తారు.

మనలో చాలామందికి కాన్పప్పుడో ఆపరేషన్ అప్పుడో "ఇవి కరిగే కుట్లమ్మా, తీయక్కర్లేదు" అని డాక్టరమ్మ చెప్పి ఉంటుంది. ఆ దారాల్లో కొన్ని ఈ జాతికి చెందినవే. మన ఒంట్లో ఉండే తడి, వేడి కలిసి ఆ దండని మెల్లమెల్లగా తెంపుతాయి. రెండు రెండున్నర నెలల్లో దారం ఒంట్లోనే కలిసిపోతుంది. కాబట్టి కరిగే ప్లాస్టిక్ అనేది కట్టుకథ కాదు. మన ఒంటి మీదే రుజువైంది.

కానీ అదే పి.ఎల్.ఏ. గ్లాసుని పెరట్లో పాతిపెడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. దానికి కారణం వేడి. గ్లాసు కోసం చేసేది కుట్ల దారం కన్నా గట్టి రకం, మందం కూడా ఎక్కువ. దాని దండ తెగాలంటే ముందు నీళ్ళు లోపలికి చొరబడాలి. అది జరగడానికి దాదాపు 58 నుంచి 60 డిగ్రీల వేడి కావాలి, తడి కావాలి. దండ చిన్న ముక్కలయ్యాకే సూక్ష్మజీవులు తినడం మొదలుపెడతాయి. అంత వేడి పెద్ద ఎరువుల కర్మాగారంలో ఉంటుంది. బాగా వేసిన కంపోస్టు కుప్ప నడిమధ్యలో ఉంటుంది. రోడ్డు పక్కన, కాలవలో, చేను గట్టు మీద ఉండదు.

మూడో రకం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది పొదుపు కథ. కొన్ని రకాల బాక్టీరియాకి తిండి, అంటే చక్కెరో నూనెో పుష్కలంగా దొరికి, పెరగడానికి కావలసిన నత్రజని లాంటిది తక్కువైతే అవి పెరగలేవు. అప్పుడు మిగిలిన తిండిని పారేయవు. ఒంట్లోనే చిన్న చిన్న గుండ్లుగా చేసి దాచుకుంటాయి, మనం కొవ్వు దాచుకున్నట్టు. ఎండిన బాక్టీరియా బరువులో 80 శాతం దాకా ఆ దాచిన సరుకే ఉండొచ్చు. తర్వాత తిండి లేని రోజు వస్తే ఆ దాచుకున్నది తీసుకుని తింటాయి. ఇంతకంటే మంచి పొదుపు సంఘం ఎక్కడుంది చెప్పండి!

ఆ గుండ్లే ప్లాస్టిక్. ఫ్రాన్సు దేశంలో మోరిస్ లెమోయిన్ అనే శాస్త్రవేత్త 1926లోనే దీన్ని గురించి చెప్పారు. ఇప్పుడు దీనిని పి.హెచ్.ఏ. అంటున్నారు. ప్రకృతిలోనే పుట్టిన సరుకు కాబట్టి దాని ముడి కోసే కత్తెర కూడా ప్రకృతిలోనే ఉంది. దాచుకున్న బాక్టీరియాకే కాదు, మట్టిలోని మిగతా జీవులకి, సముద్రంలో ఉండే వాటికి కూడా ఉంది. అందుకే ఇది పెద్ద వేడి లేకుండా మామూలు నేలలో, సముద్రపు నీళ్ళలో కూడా క్రమంగా పోతుంది. చల్లటి చోట ఆలస్యం, వెచ్చటి చోట త్వరగా. పల్చటిది ముందు, మందమైనది వెనక. అయితే దీన్ని తయారుచెయ్యడానికి ఖర్చు బాగా ఎక్కువ. అందుకే మన ఊరి కొట్లలోకి ఇంకా రాలేదు.

ఈ మూడూ కాక ఇంకో రెండు సరుకులున్నాయి. మోసం ఎక్కువగా జరిగేది వాటి దగ్గరే.

ఒకటి, మొక్క నుంచి చేసినా కలిసిపోనిది. బ్రెజిల్ దేశంలో చెరకు నుంచి తీసిన సారాతో పాలిథిన్ చేస్తున్నారు. చేసింది చెరకుతోనే, అది నిజం. కానీ తయారైంది అచ్చంగా మామూలు పాలిథిన్. అదే దండ, అదే ముడి. చమురు ఆదా అవుతుంది గానీ మట్టిలో మాత్రం కలవదు. రెండోది, మామూలు పాలిథిన్‌లో ఒక మందు కలిపి చేసేది. ఎండకీ గాలికీ అది త్వరగా పొడిపొడి అవుతుంది. కంటికి కనపడకపోతే కరిగిపోయిందనుకుంటాం. అది కరగలేదు, చిన్నదైంది, అంతే. ఉప్పు గల్లుని దంచితే ఉప్పు పోయిందంటామా? ఇలాంటి సరుకుని యూరప్ దేశాల్లో 2021 జులై నుంచి నిషేధించారు.

అందుకని అక్కలారా, ఎవరైనా సంచి చేతికిచ్చి గొప్పలు చెప్తుంటే రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగండి. దేంతో చేశారు అన్నది ఒక ప్రశ్న. ఎక్కడ వేస్తే, ఎన్నాళ్ళకి, పూర్తిగా పోతుంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటి దానికి జవాబు చెప్పి రెండోది దాటేసేవాళ్ళే ఎక్కువ.

ఇంగ్లండులో ప్లిమత్ అనే ఊరి విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ రెండో ప్రశ్నకే జవాబు వెతికారు. కొట్లో దొరికే అయిదు రకాల సంచులు తెచ్చి కొన్ని మట్టిలో పాతారు, కొన్ని సముద్రంలో ఉంచారు, కొన్ని గాలికి ఎండకి వేలాడదీశారు. మూడేళ్ళు చూసి 2019లో ఫలితం ప్రకటించారు. ఎండకి పెట్టినవన్నీ తొమ్మిది నెలల్లో ముక్కలైపోయాయి. కానీ మూడేళ్ళు మట్టిలో, సముద్రంలో ఉన్న సంచుల్లో "జీవులు తినేస్తాయి" అని రాసి ఉన్నదాన్ని బయటికి తీస్తే, అందులో సామాను నింపి మోయడానికి ఇంకా పనికొచ్చింది. కంపోస్టు అవుతుంది అని ముద్ర ఉన్న సంచి సముద్రంలో మూడు నెలల్లోపే కనపడకుండా పోయింది. అదే సంచి మట్టిలో మాత్రం 27 నెలల తర్వాత కూడా కనిపించింది, కాకపోతే బరువు పెడితే చిరిగిపోయింది. ఒకే సంచి, చోటు మారితే ఫలితం మారింది.

ఇది చదివాక మేం కూడా మా ఊళ్ళో చూద్దామనుకున్నాం. ఒక మామూలు కవరు, వ్యాపారి ఇచ్చిన ఆకు బొమ్మ కవరు, ధ్రువపత్రం నంబరు ఉన్న ఒక కంపోస్టు సంచి తీసుకున్నాం. మూడిటినీ ముక్కలు కోసి పాత దోమతెర గుడ్డలో మూటకట్టి, ఒక్కో రకం కొంచెం మా చెత్త నుంచి సంపద షెడ్డులో వేడి కుప్ప మధ్యన పెట్టాం, కొంచెం బోరింగు పక్కన తడి నేలలో పాతాం. నాలుగు నెలలకి తీసి చూశాం. వేడి కుప్పలో నంబరున్న సంచి ముక్కలు దాదాపు మిగల్లేదు, వెతికితే చిన్న పీలికలు దొరికాయి. నేలలో పాతినవి రంగు మారి మెత్తబడ్డాయి, వేలితో లాగితే చిరిగాయి, కానీ ఉన్నాయి. ఆకు బొమ్మ కవరు, మామూలు కవరు రెండు చోట్లా కడిగి ఆరేస్తే మళ్ళీ వాడుకునేట్టే ఉన్నాయి. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, మా ఊరి ఆడవాళ్ళం చేసుకున్నది. కానీ ఆ ముక్కలు చేతిలో పట్టుకుని చూశాక మా సంఘంలో వాదన ఆగిపోయింది.

ఇప్పుడు చట్టం ఏం చెప్తుందో చూద్దాం. అప్పు ఇచ్చేవాళ్ళకి, తీసుకునేవాళ్ళకి ఇద్దరికీ ఇది తెలియాలి. మన దేశంలో 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కన్నా పల్చటి సంచులు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటివి నిషేధం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోలు లాంటివి నిషేధం. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌తో చేసిన సంచులకి మాత్రం ఈ మందం నిబంధన లేదు. ఆ సందులోంచే దొంగ సరుకు దూరుతోంది.

కంపోస్టు సంచి తయారుచేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. సంచి మీద కంపోస్టబుల్ అన్న మాట, తయారీదారు పేరు, ఆ ధ్రువపత్రం నంబరు అచ్చువేసి ఉండాలి. ఆ ధ్రువపత్రం ఊరికే ఇవ్వరు. ఐ.ఎస్. 17088 అనే ప్రమాణం ప్రకారం పరీక్ష చేస్తారు. దాదాపు 58 డిగ్రీల వేడి కంపోస్టులో 12 వారాలు ఉంచి రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పదో వంతు కన్నా ఎక్కువ మిగలకూడదు. ఆరు నెలల్లోపు అందులోని బొగ్గు పదార్థంలో నూటికి 90 వంతులు గాలిలో కలిసే వాయువుగా మారాలి, అంటే జీవులు నిజంగా తినేసినట్టు రుజువు కావాలి. సీసం లాంటి విష లోహాలు హద్దు మించకూడదు. ఆ ఎరువులో విత్తనం వేస్తే మామూలుగా మొలవాలి.

ఈ పరీక్షంతా వేడి కుప్పలో జరిగేదే. ముద్ర ఉన్న సంచి అయినా కాలవలో పడేస్తే నేను బాధ్యుణ్ణని ఆ ముద్ర చెప్పడం లేదు. గేదె తిన్నా ఏమీ కాదని చెప్పడం లేదు. చెత్తతో పాటు తగలబెట్టమని అసలే చెప్పడం లేదు. పాత ఇనుము, ప్లాస్టిక్ కొనేవాళ్ళకి వేసినా అది మిగతా ప్లాస్టిక్‌తో కలిసి సరుకు పాడుచేస్తుంది.

తిరుమలలో లడ్డూలు ఇచ్చే సంచుల గురించి మీలో కొందరు అడిగారు. హైదరాబాదులో ఉన్న డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల తయారుచేసిన, మట్టిలో కలిసే సంచుల అమ్మకం కౌంటరు 2021 ఆగస్టులో తిరుమలలో మొదలైంది. మన తెలుగు నేల మీద, మనవాళ్ళు పనిచేసే చోట తయారైన పరిజ్ఞానం అది, మనకి గర్వమే. కానీ అక్కడ కూడా సంచి సగం పనే చేస్తుంది. వాడిన సంచి ఎక్కడికి చేరుతుందన్నది మిగతా సగం. ఇంటికి తెచ్చుకున్న ఆ సంచిని మనం ఎక్కడ వేస్తున్నాం? సంచి చేసినవాళ్ళు మన వెనక ఇంటి దాకా రాలేరు కదా.

అందుకని ఇప్పుడు మన షెడ్ల సంగతి. మన ఊళ్ళలో ఎక్కువగా వానపాముల ఎరువు చేస్తున్నాం. వానపాముల తొట్టి చల్లగా ఉండాలి, వేడెక్కితే పాములు చచ్చిపోతాయి. చల్లటి తొట్టిలో కంపోస్టు సంచి వేస్తే కరగదు. కాబట్టి ముందు వేడి కుప్ప, తర్వాతే వానపాముల తొట్టి. వేడి కుప్ప వెయ్యడం మనకి చేతకాని పని కాదు. కూరగాయల తొక్కు లాంటి పచ్చి చెత్త ఒక వరస, ఎండాకులో గడ్డో ఒక వరస, మధ్య మధ్యన పేడ నీళ్ళు. నడుమెత్తు దాకా వెయ్యాలి, చిన్న కుప్ప వేడెక్కదు. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట పట్టి పిండితే చుక్క రాలీ రాలనట్టు ఉండాలి. మధ్యలోకి ఇనుప చువ్వ గుచ్చి కాసేపుంచి తీస్తే, పట్టుకోలేనంత వేడిగా ఉంటే కుప్ప పనిచేస్తున్నట్టు. వారానికోసారి తిరగెయ్యాలి, లోపలికి గాలి ఆడాలి. గాలి ఆడకపోతే కంపు కొడుతుంది, మీథేన్ అనే వాయువు వస్తుంది, అది వాతావరణానికి చెరుపు. ఊరి బయట గుట్టగా పోసే చెత్తలో జరిగేది అదే.

ఇంత చెప్పాక ఒకావిడ మా సమావేశంలో అడిగింది, "అయితే ఈ సంచులు మంచివా, చెడ్డవా? ఒక మాటలో చెప్పు" అని. ఒక మాటలో చెప్పలేను గానీ ఒక వరస చెప్తాను. మళ్ళీ మళ్ళీ వాడే గుడ్డ సంచి, స్టీలు గ్లాసు ముందు. తర్వాత అడ్డాకు, మోదుగాకు విస్తళ్ళు. వాటికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు, పాతిన చోటల్లా కలుస్తాయి, పైగా కుట్టే చేతులకి కూలి వస్తుంది. ఈ రెండూ కుదరని చోట, వాడిన తర్వాత ఎక్కడికి వెళ్తుందో మనకి తెలిసిన చోట మాత్రమే కంపోస్టు సంచి. ఉదాహరణకి ఇళ్ళ దగ్గర తడి చెత్త పట్టే సంచి. చెత్తతో పాటు సంచి కూడా నేరుగా వేడి కుప్పలోకే వెళ్తుంది, విప్పి దులిపే పని ఉండదు, హరిత రాయబారుల చేతులకి కూడా సుఖం.

ఇంకో రెండు చోట్ల ముందుముందు మనకి ఉపయోగం ఉండొచ్చు. ఒకటి నర్సరీలు. మన సంఘాల నర్సరీల్లో నల్ల కవర్లు వేలకి వేలు వాడి చింపి పారేస్తున్నాం. రెండోది మిరప, కూరగాయల చేలల్లో పరిచే మల్చింగ్ షీటు. పంట అయ్యాక దాన్ని పూర్తిగా ఏరలేక పీలికలు దుక్కిలో కలుస్తున్నాయి. నేలలోనే, వేడి కుప్ప అక్కర్లేకుండా కలిసే షీట్లకి యూరప్‌లో 2018లో వేరే ప్రమాణం పెట్టారు. అలాంటివి కొనేముందు కంపోస్టు ముద్ర చూసి సరిపెట్టుకోకూడదు. నేలలో కలుస్తుందని విడిగా పరీక్ష చేశారా అని అడగాలి. ఎందుకంటే పొలం వేడి కుప్ప కాదు.

చివరగా మా గ్రామ సంఘం తరఫున ఈ సభ ముందు అయిదు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. సంచులు, ప్లేట్లు, గ్లాసుల వ్యాపారానికి అప్పు అడిగితే, గ్రామ సంఘం అప్పుల కమిటీ నమూనా సరుకు చేతిలోకి తీసుకుని చూడాలి. కంపోస్టబుల్ అన్న మాట, తయారీదారు పేరు, ధ్రువపత్రం నంబరు మూడూ ఉండాలి. ఆ నంబరు నిజమో కాదో సి.సి. గారి ద్వారా కనుక్కోవాలి. ధ్రువపత్రం నకలు, బిల్లు లేకుండా సరుకు దించుకోకూడదు. ఇది తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి.

రెండు. ఇప్పటికే అలాంటి సరుకు కొని నష్టపోయిన సభ్యులుంటే వాళ్ళని ఎగవేతదారులుగా రాయకుండా వాయిదాలు సర్దే వీలు మండల సమాఖ్య చూడాలి. ఆకు బొమ్మ చూసి నమ్మడం నేరం కాదు. వాళ్ళ బాకీ మీద వడ్డీ పెరిగే కొద్దీ వాళ్ళు సమావేశానికి రావడం మానేస్తారు. మనిషి దూరమైతే బాకీ కన్నా పెద్ద నష్టం.

మూడు. ఒక్కో గ్రామ సంఘం కొన్ని స్టీలు పళ్ళేలు, గ్లాసులు కొని శుభకార్యాలకి అద్దెకివ్వాలి. మన సమావేశాలతోనే మొదలుపెట్టాలి. ఈ రోజు భోజనాలు విస్తరాకుల్లో పెట్టించినందుకు అధ్యక్షురాలు గారికి ధన్యవాదాలు.

నాలుగు. కుట్టు మిషన్లున్న సభ్యులకి గుడ్డ సంచుల పని మన కొట్ల నుంచే ఇప్పించాలి. కిరాణా కొట్టున్న సభ్యులు ముందుకొస్తే బయటి గిరాకీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

అయిదు. పంచాయతీతో మాట్లాడి ప్రతి షెడ్డులో ఒక వేడి కుప్ప ఏడాది పొడుగునా నడిచేట్టు చూడాలి. అది లేని ఊళ్ళో కంపోస్టు సంచుల వ్యాపారానికి అప్పు ఇవ్వొద్దని నా మనవి. సంచి కరిగే చోటు లేకుండా కరిగే సంచి అమ్మడం అబద్ధం అమ్మినట్టే.

ఈ అయిదింటిలో రెండో దాని మీద మీలో కొందరికి అభ్యంతరం ఉందని నాకు తెలుసు. ఒకరికి సర్దితే అందరూ అడుగుతారని అంటున్నారు. ఆ మాటలో న్యాయం లేదనను. అందుకే దాన్ని సరుకు జప్తయినట్టు కాగితం ఉన్నవాళ్ళకే పరిమితం చేద్దామని మా సంఘం అభిప్రాయం. ఇక్కడే చర్చించి, చేతులెత్తించి, ఏదో ఒకటి తేల్చమని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాను. మూడు రకాల సంచి ముక్కలు, మేం కుప్పలోంచి తీసినవి, బయట బల్ల మీద పెట్టాం. భోజనానికి వెళ్ళేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి.